తొమ్మిది నెలల పాపతో రామేశ్వరం దాకా

ప్రశ్న: మాది నెల్లూరు. మా పాపకు జనవరి నెలాఖరుకు తొమ్మిది నెలలు నిండుతాయి. మా అత్తగారు, మామగారు రెండేళ్ల కిందట కాశీ వెళ్లి వచ్చారు. అక్కడి నుంచి తెచ్చిన గంగ చెంబు ఇంకా దేవుడి గదిలోనే ఉంది. ఆ గంగతో రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయిస్తేనే కాశీయాత్ర పూర్తయినట్టని వారి నమ్మకం. ఫిబ్రవరిలో మా కారులోనే అందరం కలిసి వెళ్లాలని అనుకుంటున్నాం. తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి చేరిపోవచ్చని మా వారు అంటున్నారు. పాపను వెంట తీసుకువెళ్లడం మంచిదా, మా అమ్మ దగ్గర వదిలి వెళ్లాలా? తీసుకువెళితే ఏ దారిన, ఎన్ని మజిలీలతో వెళ్లాలి?

జవాబు: పాపను వెంట తీసుకువెళ్లండి. తల్లిపాలు తాగుతున్న బిడ్డను వారం రోజులపాటు వదిలి ఉండడం బిడ్డకూ, మీకూ, మీ అమ్మగారికీ కూడా ప్రయాణం కంటే కష్టమైన పని. అయితే ఒక్క రోజులో చేరుకోవాలన్న ఆలోచనను మాత్రం ఇప్పుడే మానుకోమని మీ వారికి గట్టిగా చెప్పండి. నెల్లూరు నుంచి రామేశ్వరానికి సుమారు 730 కిలోమీటర్లు ఉంటుంది. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న కారుకే అది పద్నాలుగు గంటల దాకా పట్టే ప్రయాణం. పసిబిడ్డను కారు సీటులో ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచకూడదు కాబట్టి, ప్రతి గంటన్నరకో రెండు గంటలకో ఆగి, పాలిచ్చి, డయపర్ మార్చి, నీడలో చాప పరిచి కాసేపు పాకనిచ్చి మళ్లీ బయలుదేరవలసి ఉంటుంది. ఆ లెక్కన మీరు అర్ధరాత్రి దాటాక, అలసిన డ్రైవరుతో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన బిడ్డతో రామేశ్వరం దీవికి దారి అయిన పాంబన్ వంతెన ఎక్కుతారు. రామేశ్వరం పసిబిడ్డకు కష్టమైన ఊరు కాదు. దీవి చిన్నది, గుడి, సముద్రం, బస, భోజనం అన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. మీరు శ్రద్ధ పెట్టవలసిందల్లా అక్కడికి చేరే దారి మీద, బయలుదేరే తేదీ మీద.

ముందు తేదీ సంగతి చెబుతాను. తొమ్మిది నెలలు నిండగానే బిడ్డకు తట్టు టీకా మొదటి మోతాదు వేయిస్తారు. దేశం నలుమూలల నుంచీ యాత్రికులు వచ్చే గుడిలోకి బిడ్డను ఆ టీకా పడకముందు తీసుకువెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. ఈ టీకాకు జ్వరం వచ్చేటట్లయితే మిగిలిన టీకాల మాదిరి మర్నాడే రాదు, సాధారణంగా ఏడో రోజు నుంచి పన్నెండో రోజు లోపల వస్తుంది. అంతేకాక టీకా వల్ల రక్షణ ఏర్పడడానికి కూడా సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి ఫిబ్రవరి మొదటి రోజుల్లోనే టీకా వేయించి, మూడో వారం చివర బయలుదేరండి. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్ల భయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. మార్చి ముదిరితే మధ్యాహ్నపు ఎండ బిడ్డకు పనికిరాదు. ఫిబ్రవరి రెండో సగం ఈ రెండింటికీ మధ్య దొరికే మంచి కాలం. పంచాంగం చూసి మహాశివరాత్రికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు మాత్రం వదిలేయండి. అమావాస్యలు కూడా తప్పించండి. అమావాస్య నాడు పితృకార్యాల కోసం వచ్చే జనంతో, గుడి ఎదుటి సముద్రతీరమైన అగ్నితీర్థం ఒడ్డున కాలు పెట్టే చోటు ఉండదు.

దారికి మూడు మజిలీలు పెట్టుకోండి. మొదటి రోజు నెల్లూరు నుంచి చెంగల్పట్టుకో మహాబలిపురానికో వెళ్లి ఆగండి. అది సుమారు 230 కిలోమీటర్లు. చెన్నై నగరంలోకి దిగకుండా, మింజూరు నుంచి వండలూరు వరకు ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా దాటిపోతే ట్రాఫిక్‌లో బిడ్డ ఉడికిపోవడం తప్పుతుంది. రెండో రోజు విళుప్పురం మీదుగా తిరుచిరాపల్లి చేరుకోండి. ఇది 270 కిలోమీటర్ల పైచిలుకే అయినా రోడ్డు బాగుంటుంది కాబట్టి మొదటి రోజు కంటే ఎక్కువ అలసట ఉండదు. మూడో రోజు పుదుక్కోట్టై, కారైక్కుడి, దేవకోట్టై, రామనాథపురం మీదుగా రామేశ్వరానికి సుమారు 230 కిలోమీటర్లు. కారైక్కుడి దాటాక దారి వెడల్పు తగ్గి, ఊళ్ల మధ్య నుంచి సాగుతుంది. అందుకే ఆ రోజుకు తొందర పడవలసిన పనేదీ పెట్టుకోకండి. అత్తగారు శ్రీరంగం చూస్తామంటే తిరుచిరాపల్లిలో మరొక రాత్రి ఆగండి. ఆ విశ్రాంతి బిడ్డకు కూడా మంచిదే.

పుదుచ్చేరి, చిదంబరం, నాగపట్టణం మీదుగా వెళ్లే తూర్పు తీరపు రోడ్డును ఎవరైనా సూచించవచ్చు. దారి పొడవునా సముద్రం కనబడుతుందన్న ఆశతో చాలామంది ఆ దారి ఎంచుకుంటారు గాని, నిజానికి ఎక్కువ భాగం సముద్రం కంటికి ఆనదు. ఊరు వెంట ఊరు తగులుతూ వేగం పడిపోతుంది. బిడ్డ కాస్త పెద్దదయ్యాక వెళ్లదగిన దారి అది.

రోజూ ఉదయం అయిదున్నరకు, పాలు తాగిన బిడ్డ మళ్లీ నిద్రలోకి జారుకునే వేళకు బయలుదేరండి. మొదటి రెండు గంటలు నిద్రలోనే గడిచిపోతాయి. మధ్యలో రెండు మూడు చోట్ల తీరికగా ఆగినా మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటకల్లా బసకు చేరుకోవచ్చు. ఆ తర్వాత ఆ రోజంతా బిడ్డది. గదిలో నేల మీద దుప్పటి పరిచి దాన్ని ఆడుకోనివ్వాలి, సాయంత్రం స్నానం చేయించి ఇంట్లో నిద్రపుచ్చే వేళకే నిద్రపుచ్చాలి. రాత్రి ప్రయాణం చేస్తే బిడ్డ హాయిగా నిద్రపోతుందని చెప్పేవారి మాట వినకండి. చీకట్లో సీటులో బిడ్డ తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనినా వెనుక సీటులో కునికే పెద్దలకు తెలియదు, దీపాలు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీలు డ్రైవరుకు కనబడవు. పాలివ్వడానికి చోటు దొరకదేమోనన్న బెంగ కూడా పెట్టుకోవద్దు. తమిళనాడు ప్రభుత్వం 2015లోనే బస్‌స్టాండ్లలో తల్లులు పాలిచ్చేందుకు ప్రత్యేకంగా గదులు ఏర్పాటు చేసింది. జాతీయ రహదారి మీద కారు ఆగిపోతే 1033కు, వైద్యసహాయం కావలసివస్తే మన దగ్గర లాగే 108కి ఫోన్ చేయవచ్చు.

మండపం అనే ఊరు దాటగానే పాంబన్ వంతెన వస్తుంది. 1988లో ప్రారంభమైన ఈ రోడ్డు వంతెన పొడవు రెండు కిలోమీటర్ల పైనే. పక్కనే, 1914 నాటి పాత రైలు వంతెనకు బదులుగా 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త రైలు వంతెన కనిపిస్తుంది. కొత్తదానిలో ఓడలు దాటేటప్పుడు 72.5 మీటర్ల భాగం నిలువుగా పైకి లేస్తుంది. ఎంత ముచ్చటగా ఉన్నా రోడ్డు వంతెన మీద కారు ఆపి, బిడ్డను ఎత్తుకుని పిట్టగోడ దగ్గర నిలబడి ఫొటోలు తీయించుకోకండి. అక్కడి గాలి పెద్దవాళ్లనే తూలిస్తుంది, వెనుక నుంచి బస్సులు ఆగకుండా వస్తూనే ఉంటాయి. వెనుక సీటులో కూర్చునే మీరు నెమ్మదిగా సాగే కారులోంచే అన్నీ చూడవచ్చు.

దీవిలో కనీసం మూడు రాత్రులు ఉండండి. గుడికి నడిచి వెళ్లగలిగేటంత దగ్గరలో, కింది అంతస్తులో, నీళ్లు కాచుకునే వీలున్న గదిని ముందే ఖాయం చేసుకోండి. తెల్లవారుజామున జరిగే స్ఫటికలింగ దర్శనానికి అత్తగారు, మామగారు మీ వారితో వెళ్లిరావచ్చు. ఆ వేళ మీరూ పాపా నిద్రపోవడమే మంచిది. గంగతో అభిషేకం చేయించే పద్ధతి, రుసుము, వేళ సంగతి చేరిన రోజు సాయంత్రమే దేవస్థానం కార్యాలయంలో అడిగి తెలుసుకుంటే మర్నాడు వరుసలో అనవసరంగా నిలబడే పని ఉండదు. బిడ్డను గుడిలోకి తోపుడు బండిలో తీసుకువెళ్లే ఆలోచన వద్దు. గడపలూ తడి నేలా దాన్ని సాగనివ్వవు. ఛాతీకి కట్టుకుని బిడ్డను ఎత్తుకునే సంచి, లేదా మన పాత పద్ధతిలో భుజాన వేసుకోవడం చాలు. లోపలికి సెల్‌ఫోన్లు అనుమతించరు కాబట్టి విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. అగ్నితీర్థం వైపున్న తూర్పు గోపురం ఎవరికైనా తేలికగా గుర్తుంటుంది. గుడిలోని పొడవాటి స్తంభాల ప్రాకారం పగటివేళ కూడా నీడగా ఉంటుంది. జనం పలచబడిన వేళ అక్కడ మీ పాపను ఎత్తుకుని నెమ్మదిగా నడిస్తే అది స్తంభాలను చూస్తూ ఎంతో సేపు ఊరుకుంటుంది.

ధనుష్కోడికి ఒక ఉదయం కేటాయించండి, మధ్యాహ్నం మాత్రం వద్దు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వచ్చిన తుపానులో ఆ ఊరు, అటు వెళుతున్న రైలు కూడా కొట్టుకుపోయాయి. అప్పటి నుంచి అది పాడుబడ్డ ఊరుగానే మిగిలింది. భూభాగం చివరన ఉన్న అరిచల్‌మునై వరకు 2017లో రోడ్డు పూర్తయ్యాక కారులోనే నేరుగా వెళ్లే వీలు కలిగింది. రామేశ్వరం నుంచి అది ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. అంతటా ఇసుక, రెండు వైపులా సముద్రం, ఎక్కడా చెట్టు నీడ లేదు. బిడ్డకు బాగా పాలిచ్చి ఏడు గంటలకు బయలుదేరితే ఎండ ముదరక ముందే తిరిగి రావచ్చు. చివరన గాలికి ఇసుక రివ్వున లేచి కళ్లలో పడుతుంది కాబట్టి టోపీ, పలచని నూలు దుప్పటి ఉంచుకోండి, అక్కడ పావుగంట కంటే ఎక్కువ సేపు నిలబడకండి. ప్రవాహాలు బలంగా ఉండే చోటు అది. బిడ్డను ఎత్తుకున్నవారు నీటి అంచుకు అసలు పోకూడదు. తిరుగుదారిలో 1964 తుపానును తట్టుకుని నిలిచిన కోదండరామస్వామి ఆలయం దగ్గర ఆగవచ్చు. పాప కాళ్లు నీటిలో తడపాలన్న ముచ్చట ఉంటే మండపానికి అవతల, పాక్ జలసంధి వైపున్న అరియమాన్ తీరం నయం. ఫిబ్రవరిలో ఈశాన్యపు గాలి ఇంకా వీస్తుంటే అలలు లేచే అవకాశం ఉంది కాబట్టి నీటిని చూశాకే నిర్ణయించుకోండి.

ఇంత దూరం కారు వద్దనుకుంటే రైలులో మదురైకి వెళ్లి, అక్కడి నుంచి ట్యాక్సీలో 175 కిలోమీటర్లు ప్రయాణించడం రెండో మార్గం. మీ మామగారికి నడుము నొప్పి లాంటిది ఉంటే ఇదే మేలు. ట్యాక్సీలో పసిపిల్లల సీటు ఉంటుందని మాత్రం అనుకోవద్దు, మీది రైలులో వెంట తీసుకువెళ్లాలి.

ప్రశ్న: ఆరు నెలల మనవడితో దూర ప్రయాణం చేయబోతున్నాం. మా అబ్బాయి పసిపిల్లల సీటు కొన్నాడు. నా ఒడి కంటే ఆ సీటు భద్రమా అని నాకు మనసులో బాధగా ఉంది. వాడు ఏడిస్తే తీసి ఒళ్లో కూర్చోబెట్టుకోకూడదా? (గుంటూరు నుంచి ఒక నాయనమ్మగారు)

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. ఇంట్లో మీ ఒడిని మించిన చోటు ఆ బిడ్డకు లేదు. కదులుతున్న కారులో మాత్రం మాట వేరు. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా ఢీకొని ఆగిపోతే, బిడ్డను ముందుకు లాగే బలం వాడి బరువుకు ఇరవై రెట్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. ఎనిమిది కిలోల బిడ్డ ఆ క్షణంలో 160 కిలోల బరువవుతాడు. ఎంత ప్రేమగా పట్టుకున్న చేతులైనా ఆ బరువును ఆపలేవు. మీరు బెల్టు పెట్టుకోకుండా ఉంటే మీ శరీరమే వాడి మీద పడుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా చిన్నదే, దాని వెనుక ఉన్న కారణం పెద్దది.

ఆ సీటు వెనుక వరుసలో, బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండేటట్టు బిగించాలి. పసిబిడ్డ తల శరీరానికి పెద్దది, మెడ లేతది. ఢీకొన్నప్పుడు వీపు, మెడ, తల మొత్తాన్నీ సీటు ఒకేసారి కాయగలిగేది ఆ స్థితిలోనే. రెండేళ్లు వచ్చేదాకా, సీటు అనుమతించే బరువు, ఎత్తు దాటకపోతే ఆ తర్వాత కూడా అలాగే ఉంచడం మంచిది. గాలి సంచి (ఎయిర్‌బ్యాగ్) ఉన్న ముందు సీటులో ఈ సీటును ఎప్పుడూ పెట్టకూడదు. బిగించాక బెల్టు వెళ్లే చోట పట్టుకుని ఊపి చూడమనండి, అంగుళానికి మించి కదిలితే మళ్లీ బిగించాలి. భుజాల మీది పట్టీని వేళ్లతో మడత పెట్టగలిగితే అది వదులుగా ఉన్నట్టు. బయలుదేరడానికి వారం ముందు నుంచే రోజూ ఊళ్లో పది నిమిషాలు, పావుగంట తిప్పితే బిడ్డకు సీటు అలవాటవుతుంది. ఏడిస్తే కారును రోడ్డు పక్కకు పూర్తిగా తీసి ఆపి, అప్పుడు ఎత్తుకోండి. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఎత్తుకోండి. మీరు వాడి పక్కనే కూర్చుని చేయి పట్టుకుని పాట పాడితే ఆ ప్రయాణంలో వాడికి అదే ఒడి. టీ కోసం దిగినప్పుడు నిద్రపోతున్నాడు కదా అని వాడిని కారులో వదిలి వెళ్లకండి, రెండు నిమిషాలకైనా వద్దు. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

ప్రశ్న: ఎనిమిది నెలల బాబుతో తీరప్రాంతానికి వెళ్లేటప్పుడు తిండి, నీళ్లు, మందుల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (ఖమ్మం నుంచి ఒక తల్లి)

జవాబు: తల్లిపాలు ఇస్తున్నంతకాలం అవే ముఖ్య ఆహారం, ప్రయాణంలో అడిగినప్పుడల్లా ఇవ్వండి. అదనంగా ఇంట్లో అలవాటైన ఉగ్గు పొడి, రాగి పిండి వెంట ఉంచుకుని మరిగించిన నీళ్లతో అప్పటికప్పుడు వండండి. కొత్త పదార్థం ఏదీ ఈ వారంలో మొదలుపెట్టవద్దు. తమిళనాడులో ఏ వేళకైనా ఆవిరి పట్టిన వేడి ఇడ్లీ దొరుకుతుంది. చట్నీ, సాంబారు లేకుండా దాన్ని మెత్తగా మెదిపి పెట్టవచ్చు. అరటిపండు మీ కళ్లముందు ఒలిచింది అయితే నిశ్చింత. ఏడాది లోపు బిడ్డకు తేనె పెట్టకూడదు. తీర్థంలోనో ప్రసాదంలోనో కలిసి వస్తుంది కాబట్టి పెద్దలకు ముందే చెప్పి ఉంచండి, ప్రసాదాన్ని బిడ్డ పెదవులకు తాకించకుండా నుదుటికి తాకించి మీరు స్వీకరించవచ్చు. డబ్బా పాలు ఇచ్చేవారు 70 డిగ్రీలకు తగ్గని వేడి నీటితో కలిపి, చల్లార్చి, రెండు గంటల్లోపు వాడని పాలను పారబోయాలి. మంచి ఫ్లాస్కు ఒకటి ఉంటే ఇదంతా తేలిక.

మందుల సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పక ఉండాలి. దుకాణాల్లో తియ్యని పానీయాలను ఆ పేరుతో అమ్మే దురలవాటు చాలా ఏళ్లు సాగింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్న పొడినే కొనండి, పొట్లం మీద ఎంత నీరని ఉంటే సరిగ్గా అంతే నీటిలో కలపండి, కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టాలి, తల్లిపాలు ఆపకూడదు. ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, మాడు లోపలికి గుంటపడినా, మగతగా ఉన్నా, ఏం పట్టినా వాంతి చేసుకుంటున్నా ఆసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ మోతాదును బరువును బట్టి మీ డాక్టరుతో రాయించుకుని, ఇంట్లో వాడే సీసానే తీసుకువెళ్లండి. చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు, కొత్త ఊళ్లో వేరే సీసా కొని పాత కొలత వేస్తే ప్రమాదం. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2025లో గట్టిగా చెప్పింది. ప్రయాణంలో నిద్రపోతాడని అలాంటి మందు పట్టడం ఎంతమాత్రం తగదు. సాయంత్రం నుంచి దోమతెర, ఒళ్లంతా కప్పే నూలు బట్టలు ఉంటే చాలు.

ప్రశ్న: ఏడాది నిండని మా పాపకు కూడా రామేశ్వరం గుడిలోని 22 తీర్థాల స్నానం చేయించాలని మా పెద్దల పట్టుదల. ఏం చెప్పాలి? (అనంతపురం నుంచి ఒక తండ్రి)

జవాబు: పెద్దల భక్తిని గౌరవిస్తూనే ఇది వద్దని చెప్పండి. ఒక్కో బావి దగ్గర బొక్కెనతో తోడి తల మీద ధారగా పోస్తారు, ఒక తీర్థం నుంచి మరో తీర్థానికి తడి బట్టలతో, జారే నేల మీద, జనంలో నడవాలి. ఆ నీరు ముక్కులోకి, నోట్లోకి పోతే పసిబిడ్డ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అంతసేపు తడిగా ఉంటే ఒళ్లు చల్లబడుతుంది. పెద్దలిద్దరూ స్నానం చేసి, చివరి తీర్థంలో నీటిని చిన్న చెంబులో పట్టుకు వస్తే, గదిలో పాపకు గోరువెచ్చని నీళ్లు పోశాక ఆ తీర్థాన్ని తల మీద రెండు చుక్కలు చల్లవచ్చు. నోట్లో మాత్రం పోయవద్దు. పెద్దవాళ్లు కూడా ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక జంట స్నానం ముగించి, తడి బట్టలు మార్చుకుని దర్శనం చేసుకుని వచ్చేదాకా రెండో జంట పాపతో గదిలో ఉండాలి. తడి బట్టలతో గర్భగుడి దర్శనానికి పంపరు కాబట్టి పొడి బట్టల సంచి వెంట ఉండాలి. పాపకు దర్శనం చేయించేది సాయంత్రం, అది నిద్రలేచి పాలు తాగి హుషారుగా ఉన్న వేళ.